పల్లె గుండెకూ పోటు!

గుండెపోటు అంటే ఏసీ గదుల్లో కూర్చునే పట్నం వాళ్లకొచ్చే జబ్బు... రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్ల దగ్గరికి అది రాదు. గద్వాల మగ్గాల దగ్గరా, వనపర్తి వేరుశనగ మార్కెట్లోనూ, నాగర్‌కర్నూలు పత్తిచేలల్లోనూ చాలామందిది ఇదే ధీమా. కానీ, ఆ ధీమాకు ఎప్పుడో కాలం చెల్లింది.

గోదావరి పల్లెలు చెప్పిన నిజం

2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిపాటు సంభవించిన 1354 మరణాలకు కారణాలేమిటని ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. దాదాపు మూడోవంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే! అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు.

52 దేశాల్లో జరిపి 2004లో వెలువరించిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం మరో సంగతి తేల్చింది. మిగతా దేశాల్లో తొలి గుండెపోటు సగటున 59 ఏళ్లకు వస్తుంటే, దక్షిణాసియా వాసులకు 53 ఏళ్లకే వస్తోంది. అంటే, పిల్లల చదువులూ పెళ్లిళ్లూ పూర్తికాకముందే ఇంటిపెద్ద మంచాన పడుతున్నాడన్నమాట.

పళ్లెం మారింది... నడక తగ్గింది

పాలమూరు పల్లెల్లో ఒకప్పుడు జొన్నరొట్టే ప్రధాన ఆహారం. ఇప్పుడు రెండుపూటలా తెల్లన్నమే. చేను దాకా వెళ్లాలన్నా బైకు తీయాల్సిందే. వీటికి బీడీ, గుట్కా, ఉప్పెక్కువైన పచ్చళ్లు, మరిగించిన నూనెనే మళ్లీ మరిగించి వేసే బజ్జీలు తోడవుతున్నాయి. ఫలితం... బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, బానపొట్ట. ఇవన్నీ కలిసి గుండెకు రక్తాన్ని చేరవేసే కరొనరీ ధమనుల్లో కొవ్వు పేరుకునేలా చేస్తాయి. అక్కడ గడ్డకట్టిన రక్తం అడ్డుపడితే అదే గుండెపోటు.

‘గ్యాసే’ అనుకోవద్దు

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం... ఇవి కనిపిస్తే సోడా తాగి పడుకోవడం ప్రమాదం. మధుమేహులకూ ఆడవాళ్లకూ ఒక్కోసారి నొప్పే ఉండదు, నీరసమో వాంతో అవుతుందంతే. గద్వాల నుంచి హైదరాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు. గడిచే ప్రతి నిమిషం కొంత గుండె కండరాన్ని తినేస్తుంది. అందుకే వెంటనే 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రికి చేరాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ తొలి గంటల్లో పడితేనే ఎక్కువ మేలు.

ఇలా చేయండి

* ముప్ఫై దాటితే ఏటా బీపీ, షుగరు చూపించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం.
* ఇంటిల్లిపాదీ ఉప్పు తగ్గించండి. మనిషికి రోజుకు 5 గ్రాములు... అంటే చెంచాడుకు మించకూడదు.
* బీడీ, గుట్కా పూర్తిగా మానేయండి.
* రోజూ అరగంట చురుగ్గా నడవండి.
* బీపీ తగ్గింది కదా అని మాత్రలు మీ అంతట మీరే ఆపేయొద్దు.

మన ప్రాంతంలో ఇప్పుడు వైద్యకళాశాలలకు కొదవ లేదు. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో మొదలయ్యాయి. అయితే, నొప్పిని గుర్తించి గడప దాటాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లే!