అటక మీది పాటలు



పండగ ముందో, ఇల్లు మారేటప్పుడో అటక దులుపుతాం. ట్రంకుపెట్టె అడుగున నల్లటి గ్రామఫోను ప్లేట్లు బయటపడతాయి. "వాయించే మిషనే లేదు, ఇంకా ఇవెందుకు?" అని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాం.

ఆటోనగర్ దగ్గర ఉన్న మనకి ఈ పని మరీ సులువు. లేతు షెడ్లూ, పాత ఇనుము కొట్లూ పక్కనే ఉన్నాయి. ఉక్కు ఫ్యాక్టరీ పనికని ఎక్కడెక్కడినుంచో వచ్చి కాపురాలు పెట్టినవాళ్ళు రిటైరయ్యాక సామాను తగ్గించుకోక తప్పదు కదా! కొట్టువాడు బూరా ఇత్తడిదేనా, మోటారులో రాగి ఎంతుంది అని చూస్తాడు. ప్లేటుకి తూకంలో విలువ లేదు. అందులోని పాటకి అసలే లేదు. ఆ విలువ కట్టవలసింది ఇంటివాళ్ళమే.

"పాత పాటలన్నీ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయిగా" అంటారేమో. సినిమా పాటలు చాలావరకు దొరుకుతాయి. సినిమాతో సంబంధం లేకుండా ప్లేటు కోసమే పాడిన పాటలు వేరే ఉన్నాయి. వాటిని ప్రైవేటు రికార్డులు అనేవారు. సినిమా పాటకి ప్లేటు పోయినా ఫిల్ము రీలు ఉండవచ్చు. ప్రైవేటు పాటకి ఆ ఆసరా లేదు.

అలాంటి పాట ఎంత దూరం వెళ్ళగలదో చూడండి. శంకరంబాడి సుందరాచారిగారు 1942లో 'దీనబంధు' సినిమా కోసం 'మా తెలుగు తల్లికి' రాశారు. సినిమాలో అది చేరలేదు. టంగుటూరి సూర్యకుమారిగారు ప్లేటు మీద పాడారు. ఆ ప్లేటు ఇంటింటికీ చేరింది, చివరికి ఆ పాట ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. సూర్యకుమారిగారు తరువాత లండన్‌లో స్థిరపడి 2005లో అక్కడే కన్నుమూశారు. ఈ ఒక్క పాట అందరికీ తెలుసు. ఆమె పాడిన తక్కిన ప్రైవేటు పాటలు మనలో ఎందరు విన్నారు?

రావు బాలసరస్వతీదేవిగారు చిన్నతనంలోనే గ్రామఫోనుకి పాడారు. సాలూరి రాజేశ్వరరావుగారితో కలిసి ఆమె పాడిన యుగళగీతాలు 1940లలో ఇళ్ళల్లో మోగేవి. పెళ్ళి తరువాత ఆమె సినిమాలకు పాడటం క్రమంగా తగ్గిపోయింది. అలాంటి గాయనుల గొంతు కొంతవరకైనా నిలిచి ఉన్నది ఆ ప్లేట్ల మీదే.

పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక్కో వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. పల్లవీ చరణాలూ ఆ మూడు నిమిషాల్లోనే ముగియాలి. మన లలిత గీతం అంత పొందికగా తయారవడానికి ఇదీ ఒక కారణం. ఆ ప్లేటు దేనితో చేసేవారో తెలుసా? లక్కతో. అందులో రాతిపొడి, మసి కలిపేవారు. ఆ లక్కలో అధికభాగం మన దేశపు అడవులనుంచే ప్రపంచమంతటికీ వెళ్ళేది. లక్కగాజులాగే, చెయ్యి జారితే ముక్కలే.

రేడియోలో పాడినవైనా మిగిలాయా అంటే, తొలి రోజుల్లో చాలా పాటలు అప్పటికప్పుడు పాడేవారు, గాలిలో కలిసిపోయేవి. టేపులు వచ్చాక కూడా, వాటి ఖరీదుకి వెరచి, చెరిపి మళ్ళీ వాడేవారు.

వేరే దేశాల్లో ఏం చేశారు? ఫిన్లండులో 'లవ్ రికార్డ్స్' అని ఓ కంపెనీ 1966లో పుట్టి, జాజ్ పాటలూ, కొత్త పోకడల పాటలూ తెచ్చి, 1979లో దివాలా తీసింది. అయినా దాని పాటలు మాసిపోలేదు. తరువాత సీడీలుగా మళ్ళీ వచ్చాయి. ఆ దేశంలో 1981నుంచి ప్రతి రికార్డు ప్రతినీ జాతీయ గ్రంథాలయాల వ్యవస్థకి ఇవ్వాలని చట్టం ఉంది. మన 1954నాటి చట్టం పుస్తకాల్నీ, పత్రికల్నీ అడుగుతుంది, పాటల్ని అడగదు. అందుకని మన అటకలే మన గ్రంథాలయాలు.

మరి మనం ఏం చెయ్యాలి? ముందు ప్లేటు నడిమి కాగితం చదవండి. పాడినవారి పేరు, రాసినవారి పేరు, నంబరు ఉంటాయి. ఆ నంబరే దాని జాతకం. అన్నీ నోటుబుక్కులో ఎక్కించండి. సినిమా పేరు లేని ప్లేట్లు వేరే తీసి పెట్టండి.

తుడవడానికి మెత్తటి బట్ట చాలు. మురికిగా ఉంటే శుద్ధి చేసిన నీటిలో ఒక్క చుక్క సబ్బునీరు వేసి, గీతల వెంట గుండ్రంగా తుడవండి, కాగితం తడపకండి. స్పిరిట్ మాత్రం వద్దు, లక్క కరిగిపోతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. మనది సముద్రపు గాలి, కవర్లకి బూజు పడుతుంది. పొడిగా ఉన్నచోట, ఎండ తగలకుండా ఉంచండి.

ఎల్.పి. వాయించే ముల్లుతో ఈ ప్లేట్లు వాయించకూడదు. 78 ప్లేటు గాడి వెడల్పు, దానికి వేరే ముల్లు కావాలి. పాత మిషను కప్పీ అరిగితే పారేయకండి. లేతు పని తెలిసినవాళ్ళకి చూపించండి, మన ఆటోనగర్‌లో వాళ్ళకేం కొదవ? ఒకసారి మోగిందా, వెంటనే కంప్యూటరులోకి ఎక్కించుకోండి. పక్కన అమ్మమ్మనో, అత్తగారినో కూర్చోబెట్టుకోండి. ఎవరు కొన్నారు, ఏ పాట ఎవరు పాడుకునేవారు, వాళ్ళే చెప్పాలి. ప్లేటు పాటని దాస్తుందిగాని, ఆ కథని దాయదు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పోయిన పాటల కోసం ఎక్కడెక్కడో వెతుకుతున్నాం. పాత సామాన్లవాడి కేక వినబడితే, పెట్టె ఇచ్చేముందు ఒక్కసారి మూత తీసి చూడండి.