రెండు లింకులున్నా ఆగిన మార్కెట్

ముంబయి: లింకులు రెండు ఉన్నంత మాత్రాన కంప్యూటర్ వ్యవస్థకు ధీమా లేదని 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి ఉదంతం చాటింది. ఆ రోజు ఉదయం 11.40 గంటలకు అక్కడ లావాదేవీలు స్తంభించాయి.

రెండు కంప్యూటర్ కేంద్రాల మధ్య రోడ్డు వెంబడి సాగిన తవ్వకాలు, నిర్మాణ పనుల వల్ల ఇద్దరు టెలికాం సర్వీసుదారుల లింకులూ దెబ్బతిన్నాయని ఎక్స్ఛేంజి తరువాత వెల్లడించింది. లింకులు తెగినా పనిచేయవలసిన డేటా నిల్వ వ్యవస్థ మొరాయించింది. ఫలితంగా నష్టభయాన్ని అదుపుచేసే వ్యవస్థ అందుబాటులో లేకుండా పోయింది. అది లేనిదే ట్రేడింగ్ సాగించడం ప్రమాదకరం.

మధ్యాహ్నం 3.45కు పునఃప్రారంభమైన ట్రేడింగ్ 5 గంటల వరకు సాగింది. ఈలోగా పలువురు బ్రోకర్లు ఖాతాదారుల ఆనాటి లావాదేవీలను బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో ముగించారు. ఒక లింకు తొలగించి చూసినంతనే పరీక్ష పూర్తికాదు; రెండూ ఒకేసారి పోతే ఏమగునో ముందే తేల్చుకోవాలి.