రెండు కోట్ల ఓట్లు... ఫలితం సున్నా!

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో మూడో పక్షం ఎందుకు గెలవదు? గెలవకపోయినా ఎందుకు నిలబడాలి?

1992 అధ్యక్ష ఎన్నికల్లో టెక్సస్ వ్యాపారవేత్త రాస్ పెరోకు దాదాపు 1.97 కోట్ల ఓట్లు పడ్డాయి. పోలైన ప్రతి వందలో 19. ఆ జూన్‌లో కొన్ని సర్వేలు పెద్ద పార్టీల అభ్యర్థులు సీనియర్ బుష్, క్లింటన్ ఇద్దరికంటే ఆయన్నే ముందు నిలిపాయి. టీవీలో అరగంట చొప్పున సమయం కొనుక్కుని, చార్టులు చూపిస్తూ దేశం అప్పుల లెక్క జనానికి విప్పి చెప్పారాయన. అంతా అయ్యాక, రాష్ట్రాల వారీగా లెక్కించి అధ్యక్షుణ్ని తేల్చే 538 ఎలక్టోరల్ ఓట్లలో ఆయనకు దక్కింది సున్నా.

మెలిక అంతా రాష్ట్రాల దగ్గరుంది. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా చాలు, అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ వారివే. మెయిన్, నెబ్రాస్కా మాత్రమే కొన్నింటిని నియోజకవర్గాల వారీగా పంచుతాయి. 1968లో నల్లజాతీయులను వేరుగానే ఉంచాలన్న రాజకీయంతో ఎదిగిన జార్జ్ వాలెస్‌కు వచ్చింది 13.5 శాతమే. ఆ ఓట్లు దక్షిణాదిలో పోగుపడటంతో అయిదు రాష్ట్రాలు, 46 ఎలక్టోరల్ ఓట్లు చేజిక్కాయి. ఒక ప్రాంతపు విద్వేషానికి పీట వేసి, దేశమంతా పరచుకున్న అసంతృప్తికి మొండిచెయ్యి చూపే పద్ధతి ఇది.

గడప దాటడమే గగనం

బ్యాలెట్‌పై పేరు ఎక్కాలంటే రాష్ట్రానికో చట్టం, రాష్ట్రానికో గడువు. వేల సంతకాలు సేకరించాలి, కోర్టు కేసులు తట్టుకోవాలి. 2000 నుంచి 2020 వరకు టీవీ చర్చల వేదిక ఎక్కాలంటే జాతీయ సర్వేల్లో 15 శాతం మద్దతు చూపాల్సి వచ్చింది. తెరపై కనిపించనివారికి సర్వేల్లో మద్దతు పెరగదు. మద్దతు లేదని తెర మీదికి రానివ్వరు.

ఇన్ని దాటినా చివరికి మిగిలేది ‘ఓట్లు చీల్చాడు’ అన్న నింద. 2000లో ఫలితాన్ని తేల్చిన ఫ్లోరిడాలో డెమోక్రాట్ల అభ్యర్థిపై జూనియర్ బుష్ ఆధిక్యం 537 ఓట్లు. అక్కడ మూడో పక్షం అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు వచ్చినవి 97,488. కార్ల భద్రత కోసం దశాబ్దాలు పోరాడిన ఆ మనిషిని డెమోక్రాట్లు చాలామంది నేటికీ క్షమించలేదు. కానీ ఓటు ఏ పార్టీ సొత్తూ కాదు. తప్పు నిలబడినవారిది కాదు, ఓటర్లను ఇలా ఇరకాటంలో పెట్టే నిబంధనలది.

ఓడినవారి గెలుపు

1892లో రైతుల అండతో దిగిన పాపులిస్టులు 22 ఎలక్టోరల్ ఓట్లతో ఆగిపోయారు. వారు కోరిన ఆదాయపు పన్ను, సెనేటర్ల ప్రత్యక్ష ఎన్నిక 1913లో రాజ్యాంగ సవరణలయ్యాయి. 1912లో సొంత పార్టీని వీడిన థియోడర్ రూజ్‌వెల్ట్ 27 శాతం ఓట్లతో, పదవిలో ఉన్న అధ్యక్షుడు టాఫ్ట్‌నే మూడో స్థానానికి నెట్టారు. ఆయన ప్రోగ్రెసివ్ పార్టీ ప్రణాళికలోని మహిళల ఓటుహక్కు 1920లో, వృద్ధాప్య బీమా 1935లో దేశమంతటికీ దక్కాయి. పెద్ద పార్టీలు తలకెత్తుకోవడానికి జంకిన మాటను ముందుగా పలికింది ఈ ఓడినవారే.

మార్గం లేకపోలేదు. ఓటరు అభ్యర్థులను ఇష్టాన్ని బట్టి వరుస పెడితే, మొదటివారు వెనుకబడి పోటీ నుంచి తొలగిపోయినప్పుడు ఆ ఓటు రెండోవారికి చేరుతుంది. మెయిన్ 2020లో, అలాస్కా 2024లో అధ్యక్ష ఎన్నికకు ఈ విధానాన్నే వాడాయి. దీనితో మూడో పక్షం రేపే గద్దెనెక్కదు. ఓటు వృథా అవుతుందన్న భయం మాత్రం తగ్గుతుంది. నచ్చినవారికి ఓటేసినందుకు పౌరుడు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని ఎన్నికే నిజమైన ఎన్నిక. మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాలి.