మూలపడిన యెజ్డీకి మళ్ళీ ఊపిరి

మన ఇళ్ళలో చాలచోట్ల మెట్ల క్రిందనో, పెరటి రేకుల పందిరి క్రిందనో గోనెపట్టా కప్పుకొని ఒక మోటారు సైకిలు నిలబడి ఉంటుంది. నాన్నగారిదో, పెదనాన్నగారిదో అయి ఉంటుంది. పండుగకు ఇల్లు సర్దినప్పుడల్లా దాని ప్రస్తావన వస్తుంది. “ఇంకెన్నాళ్ళు ఉంచుతారు, పాత ఇనుము వాడికి ఇచ్చివేయరాదా?” అని ఇల్లాలు అంటుంది. ఇంటాయన ఏదో గొణిగి ఊరుకుంటాడు. ఆ గొణుగుడుకు కాస్త బలం చేకూర్చుదామని ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక అపోహ తొలగవలెను. ఇటువంటి బండి “అరిగిపోయినది” అని మనం అనుకుంటాము. నిజానికి అది తిరిగి అరిగినది తక్కువ, తిరగక చెడినది ఎక్కువ. తుప్పు, తేమ, ఎండి బిగిసిన రబ్బరు, గడ్డకట్టిన నూనె, ఇవి దాని రోగాలు. వీటికి కావలసినది డబ్బుకన్న ఓపిక. కాని ఆ ఓపికను ఒక వరుసలో ఖర్చు చేయాలి. వరుస తప్పితే డబ్బూ పోతుంది, బండీ పోతుంది.

ఏ బండికైనా ఈ మాటలు చాలవరకు చెల్లుతాయి గాని, నేను ఉదాహరణకు జావా, యెజ్డీలను తీసుకుంటాను. అవి మైసూరులో పుట్టిన బండ్లు. కర్ణాటకలోనూ, చుట్టుపట్ల రాష్ట్రాలలోనూ స్థిరపడిన మనవారిలో ఒక తరం వాటిమీదనే ఆఫీసులకు, పెళ్ళిళ్ళకు తిరిగినది.

జావా పుట్టిల్లు చెకొస్లోవేకియా. ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన 1929లో జర్మనీకి చెందిన వాండరర్ కంపెనీ నుండి మోటారు సైకిలు నమూనా హక్కులు కొన్నాడు. తన పేరులోని మొదటి రెండక్షరాలు, వాండరర్ పేరులోని మొదటి రెండక్షరాలు కలిపి ‘జావా’ అని పేరు పెట్టాడు. మన దేశంలో 1960లో మైసూరులో ఐడియల్ జావా సంస్థ ఏర్పడినది. దాని వెనుక నిలిచినవారు ఇరానీ కుటుంబీకులైన రుస్తుం, ఫరోఖ్‌లు. ఆనాడు మైసూరు రాష్ట్ర గవర్నరుగా ఉన్న జయచామరాజ ఒడయరు కార్ఖానాను ప్రారంభించారు. 1973 నుండి అదే బండి ‘యెజ్డీ’ అనే పేరుతో బజారుకు వచ్చినది. మైసూరు రాష్ట్రం కర్ణాటక అయినదీ ఆ సంవత్సరమే. తరువాత జపాను సాంకేతిక సహాయంతో తయారైన నూరు సి.సి. బండ్లు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోవటం మొదలుపెట్టాయి, పొగ నిబంధనలు బిగిశాయి. 1996లో మైసూరు కార్ఖానా మూతబడినది. 2018లో జావా పేరుతోనూ, 2022లో యెజ్డీ పేరుతోనూ కొత్త బండ్లు వచ్చాయి. అవి వేరు, మన పెరటి బండి వేరు. కొత్తవి నాలుగు స్ట్రోకులవి, పాతది రెండు స్ట్రోకులది.

ఆ పాత ఇంజను ఎంత సులువైనదో చెబితే గాని ఆశ కలగదు. ఒకే సిలిండరు. 65 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 250 సి.సి.కి కాస్త తక్కువ. వాల్వులు లేవు, కామ్ షాఫ్టు లేదు, ఆయిలు పంపు లేదు. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. కిక్కు కొట్టే కాడా, గేరు మార్చే కాడా ఎడమవైపున ఒకటే. లోపలికి నొక్కి వెనుకకు త్రిప్పితే కిక్కు, ముందుకు తెచ్చి వదిలితే గేరు. వెనుక చైను మొత్తం రేకు పెట్టెలో దాగి ఉంటుంది గనుక ముప్పై ఏళ్ళు పడి ఉన్న బండిలో కూడా చైను బాగుండటం కద్దు. ఇంత పొదుపుగా ఆలోచించి చేసిన యంత్రాన్ని కిలోల లెక్కన తూచి అమ్మటానికి చేయి ఎలా వస్తుందో!

ఇక వరుసకు వద్దాము. పానా పట్టటానికి ముందు కాగితం పట్టాలి. బండిని చక్కగా నడిపించుకొని, తీరా రోడ్డెక్కించబోతే కాగితాలు లేవని తెలిస్తే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. రిజిస్ట్రేషను పుస్తకంలోని ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య బండిమీది సంఖ్యలతో సరిపోవాలి. ద్విచక్ర వాహనానికి మొదటి రిజిస్ట్రేషను పదిహేను సంవత్సరాలు చెల్లుతుంది, ఆ పిమ్మట అయిదేసి సంవత్సరాలకు ఫారం 25 మీద పునరుద్ధరించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 1000 రూపాయలు అయినది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన బండ్లకు 2000 చేశారు. ఆలస్యానికి అదనపు రుసుము వేరే ఉన్నది.

మనబోటి కుటుంబాలకు ఇక్కడ మరొక చిక్కు. బండి నాన్నగారి పేర నెల్లూరులోనో, కర్నూలులోనో రిజిస్టరు అయి ఉంటుంది. ఆయన బదిలీమీద బళ్ళారికో, బెంగుళూరుకో, షోలాపురానికో తెచ్చి ఉంటారు. సంఖ్య మార్చుకోనేలేదు. ఒక రాష్ట్రపు సంఖ్యతో మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి బండిని ఉంచితే అక్కడి సంఖ్య తీసుకోవాలని చట్టం. అందుకు పాత ఆఫీసునుండి ఫారం 28 మీద అభ్యంతరం లేదనే పత్రం తేవాలి. నాన్నగారు కాలం చేసి ఉంటే వారసుని పేరిట మార్చటానికి ఫారం 31. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు సంతకాలు చేయవలసి వస్తుంది గనుక, బండి మెరిసి అందరికీ ముద్దు వచ్చిన తరువాతకన్న అది తుప్పుపట్టి ఉండగానే ఈ పని ముగించుకొనుట మేలు!

యాభై ఏళ్ళు దాటి, పుట్టినప్పటి రూపంలోనే ఉన్న బండికి 2021 జూలై నిబంధనల క్రింద ‘వింటేజి’ రిజిస్ట్రేషను తీసుకోవచ్చును. కొత్తగా చేయించటానికి 20,000 రూపాయలు, తరువాతి పునరుద్ధరణకు 5,000. సంఖ్యలో ‘వి.ఎ.’ అనే గుర్తు వస్తుంది. గొప్పగానే ఉంటుంది గాని, అటువంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించటానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. దానిమీద బజారుకు పోయి కూరగాయలు తేకూడదు. బండి నడవటానికే గదా మన తాపత్రయం. అందుచేత మామూలు పునరుద్ధరణే నయమని నా అభిప్రాయం. పాత మైసూరు రాష్ట్రపు ‘ఎం.వై.’ సంఖ్య ఉన్నవారు దానిని పోగొట్టుకోకుండా చూసుకోవాలి. అది మళ్ళీ దొరికే వస్తువు కాదు.

కాగితం తేలితే ఇంజను. ఇక్కడ అందరూ చేసే పని ఒకటున్నది. పట్టా తీయగానే ఉత్సాహం పట్టలేక కిక్కు కొట్టటం. అది చేయరాదు. రెండు స్ట్రోకుల ఇంజనులో అడుగున నూనె మడుగు ఉండదు. పెట్రోలులో కలిపిన నూనె పొరే దాని రక్ష. ఏళ్ళ తరబడి నిలిచిన ఇంజనులో ఆ పొర ఆరిపోయి బేరింగులమీద, సిలిండరు గోడమీద తుప్పు లేచి ఉంటుంది. కిక్కు కొడితే ఆ తుప్పు గీరుకొని పిస్టను రింగులు విరుగుతాయి. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక చిన్న గ్లాసెడు డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, వారం రోజులు వదిలివేయాలి. తరువాత పై గేరులో వేసి, వెనుక చక్రాన్ని చేతితో ముందుకూ వెనుకకూ మెల్లగా ఊపాలి. కదలకపోతే మరొక వారం. సుత్తి జోలికి పోరాదు.

కదిలినంత మాత్రాన సంబరపడరాదు. అసలు దొంగలు క్రాంకు షాఫ్టుకు ఇరువైపులా ఉండే ఆయిలు సీళ్ళు. చూడటానికి రెండు రబ్బరు వలయాలు. ధర అతి తక్కువ. అవి గట్టిపడితే ఎడమ సీలు గుండా గేరు పెట్టెలోని నూనె ఇంజనులోకి పీల్చుకోబడి సైలెన్సర్లు దట్టంగా తెల్లని పొగ కక్కుతాయి, గేరు నూనె తగ్గిపోతుంది. కుడి సీలు గుండా గాలి చొరబడితే పెట్రోలు పాలు పలచబడి, ఇంజను ఉత్తినే పరుగెత్తి, వేడెక్కి పిస్టను పట్టివేస్తుంది. ఈ రెండు సీళ్ళు మార్చక వేలకు వేలు పెట్టి రంగు వేయించినవారు ఎందరో ఉన్నారు. సీళ్ళకోసం ఇంజను విప్పినప్పుడే బేరింగులు మార్చి, సిలిండరు కొలిపించాలి. గీతలు పడితే రీబోరు చేయించి పావు మిల్లీమీటరు పెద్ద పిస్టను వేయవచ్చును. అంతకుమించి కోయనీయరాదు. సిలిండరులో లోహం తరిగేకొద్దీ బండికి ముందు జన్మలు తరుగుతాయి.

క్లచ్చి పలకలకు బెండు బిళ్ళలు ఉంటాయి. అవి అతుక్కుపోయి ఉంటే విడదీసి నూనెలో నానబెట్టితే చాలావరకు పనికివస్తాయి. సైలెన్సర్ల లోపలి గొట్టాలు విప్పి మసి కాల్చివేయాలి. మసి పట్టిన సైలెన్సరుతో ఎంత మంచి ఇంజనైనా ఆయాసపడుతుంది.

విద్యుత్తు విషయం తొందరగా చెప్పి ముగిస్తాను. పాత జావాలలో ఆరు వోల్టుల డైనమో, బ్యాటరీ. బ్యాటరీ లేకపోతే నిప్పురవ్వ రాదు, అదొక్కటే వీటి లోపం. ఏళ్ళు నిలిచిన డైనమో తనలో మిగిలి ఉండవలసిన అయస్కాంత శక్తిని కోల్పోయి ఛార్జి చేయదు. తెలిసిన మేస్త్రి బ్యాటరీ తీగతో ఒక్క క్షణం తాకించి దానిని మేల్కొల్పగలడు. డైనమో కాలిపోయినదని కొత్తది కొనిపించేవారి మాట అంతకు ముందు వినరాదు. కాంటాక్టు పాయింట్ల ఎడం 0.4 మిల్లీమీటరు ఉంచాలి. తీగల పైతొడుగు ఎలుకలు కొట్టి ఉంటే మొత్తం మార్చటమే క్షేమం.

తరువాతిది పెట్రోలు. నాన్నగారి రోజులలో లేని సమస్య ఇది. 2023 నుండి మన దేశంలో ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు రావటం మొదలై, 2025 నాటికి దాదాపు అన్ని బంకులకూ వ్యాపించినది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. పీల్చుకున్నది ఎక్కువైతే నీటితో కలిసి ట్యాంకు అడుగుకు దిగి తుప్పు పట్టిస్తుంది. పాత రబ్బరు గొట్టాన్ని, కుళాయిలోని బెండు బిరడాను ఉబ్బించి మెత్తబరుస్తుంది. అందుచేత గొట్టమూ, వాషర్లూ ఇథనాలుకు తట్టుకునే రకానివి వేయాలి. ఈ పెట్రోలులో పాలు కాస్త పలచన గనుక కార్బ్యురేటరు సూదిని ఒక గాడి పైకి లేపటమో, మెయిను జెట్టు ఒక సైజు పెంచటమో చేయాలి. లీటరుకు సుమారు 40 మిల్లీలీటర్ల టూ-టి నూనె ఎప్పుడూ తప్పరాదు. నెలకు మించి బండి తీయనివారు ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటరును ఆరబెట్టాలి. తుప్పు పట్టిన ట్యాంకుకు వెనిగరు పోసి, గుప్పెడు గులకరాళ్ళు వేసి, రెండు రోజులకొకసారి కుదిపితే శుభ్రపడుతుంది. పిమ్మట సోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి, లోపల నూనె పూయాలి.

టైర్లు పైకి ఎంత బాగున్నా పాతవి వాడరాదు. బ్రేకు లైనింగులూ అంతే. ఈ రెంటిలో పొదుపు చేయటం ప్రాణంతో బేరమాడటమే.

ఇంత చేసి, బండి ఆరు నెలలు నమ్మకంగా తిరిగిన తరువాత రంగు సంగతి ఆలోచించవచ్చును. మనవారు దీనిని తలక్రిందులుగా చేస్తారు. మొదట రంగు, క్రోమియం, కొత్త సీటు, చివరకు ఇంజనుకు డబ్బు చాలదు. పైగా కార్ఖానా వేసిన రంగు ఎంత వెలిసినా దాని అందం వేరు. ట్యాంకుమీద నాన్నగారి మోకాళ్ళు ఒరుసుకొని రంగు పోయినచోట కొత్త రంగు పూయటానికి నాకైతే మనసొప్పదు.

అన్ని బండ్లూ బాగుచేయదగినవే అని చెప్పను. ఛాసిస్ గొట్టం విరిగినా, ఇంజను పెట్టె పగిలినా, సంఖ్యలు గీకి ఉన్నా దానిని ఇతర బండ్లకు విడిభాగాలుగా ఇచ్చివేయటమే న్యాయం. మిగిలినవాటికి మాత్రం కాలం మించిపోతున్నది. విడిభాగాలు నకిలీవో అసలువో నేటికీ దొరుకుతున్నాయి. కాని ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగల పాత మేస్త్రిలు వృద్ధులవుతున్నారు. కార్ఖానా మూతబడిననాడు ముప్పై ఏళ్ళవాడు ఇప్పుడు అరవై ప్రాంతంలో ఉన్నాడు. మీ ఊరిలో అటువంటి మేస్త్రి ఉంటే, బండి తరువాత సంగతి, ముందు ఆయనను వెదకి పట్టుకోండి. ఇంజను విప్పేటప్పుడు ఇంటిలోని కుర్రవాణ్ణి, ఆడపిల్లనైనా సరే, ప్రక్కన కూర్చోబెట్టి ప్రతి బోల్టూ ఏ చోటిదో వ్రాయించండి.

బండి లేచిన తరువాత మొదటి అయిదువందల కిలోమీటర్లు మెత్తగా నడపాలి. ఒకే వేగంలో ఎక్కువసేపు పోనీయరాదు. చాముండి కొండ వంటి దిగుడులలో యాక్సిలరేటరు పూర్తిగా మూసివేసి గేరులో దిగరాదు. పెట్రోలు ఆగితే అందులోని నూనె కూడా ఆగుతుంది, పిస్టను ఎండిపోతుంది. అప్పుడప్పుడు కాస్త త్రిప్పి వదులుతూ దిగండి.