గుండెలోనూ లాకు తలుపులు
గొంతునొప్పిని నిర్లక్ష్యం చేస్తే మిట్రల్ కవాటానికి ముప్పు

నెల్లూరు తీరప్రాంతం: జిల్లా తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువపై ఒకప్పుడు సరుకుల పడవలు తిరిగేవి. నీటిమట్టంలో తేడా ఉన్నచోట లాకుల ద్వారా వాటిని దాటించేవారు. మూసిన రెండు రెక్కల లాకు తలుపులను నీరే నొక్కి పట్టి ఉంచుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ అవి మరింత బిగుస్తాయి. ఇంజినీర్లు వీటిని మైటర్ గేట్లు అంటారు. బిషప్పులు ధరించే రెండు కొనల టోపీ పేరే మైటర్. గుండెలోని మిట్రల్ కవాటానికీ ఆ టోపీ పేరే వచ్చింది. 16వ శతాబ్దపు శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ ఈ పోలిక చెప్పాడు. మన పాఠ్యపుస్తకాల్లోని అగ్రద్వయ కవాటం ఇదే.

నిర్మాణం ఇలా..
ఊపిరితిత్తుల్లో శుద్ధి అయిన రక్తం ఎడమ కర్ణికకు చేరి, అక్కడి నుంచి ఎడమ జఠరికలోకి దిగుతుంది. ఈ రెండు గదుల మధ్య ద్వారమే మిట్రల్ కవాటం. ద్వారం చుట్టూ ఉంగరం వంటి కట్టు, దానికి ముందొకటి, వెనుకొకటి పలుచని రెక్కలు ఉంటాయి. ముందు రెక్క వెడల్పుగా ఉంటుంది. వెనుక రెక్క మూడు మడతలుగా ఉండి ఉంగరంలో ఎక్కువ భాగాన్ని ఆక్రమిస్తుంది. రెక్కల అంచులను సన్నని, గట్టి తాళ్లు జఠరిక గోడలోని రెండు కండరాలకు కట్టి ఉంచుతాయి. జఠరిక ముడుచుకున్నప్పుడు రెక్కలు వెనక్కి తిరగబడకుండా ఆపేవి ఈ తాళ్లే. ఆరోగ్యవంతుల్లో తెరుచుకున్న ద్వారం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. రోజుకు సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటుంది.

చెడగొట్టేది జ్వరమే
స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవి వల్ల పిల్లలకు గొంతునొప్పి వస్తుంది. వైద్యం అందకపోతే కొందరిలో రెండు మూడు వారాలకు కీళ్లవాతపు జ్వరం మొదలవుతుంది. శరీర రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కవాటంపైనే దాడి చేస్తుంది. 5 నుంచి 15 ఏళ్ల వయసులో ముప్పు ఎక్కువ. ఇరుకు ఇళ్లలో గొంతు జబ్బు త్వరగా వ్యాపిస్తుంది. కీళ్లనొప్పులు తగ్గిపోతాయి కానీ కవాటంపై మచ్చ మిగులుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రెక్కలు దళసరిగా మారి అంచులు అతుక్కుంటాయి. ద్వారం 1.5 చదరపు సెంటీమీటర్లకు తగ్గితే తీవ్రమైనదిగా పరిగణిస్తారు. రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి ఆయాసం, దగ్గు వస్తాయి. కొందరు స్త్రీలలో గర్భం దాల్చాకే ఈ జబ్బు బయటపడుతుంది.

జాగ్రత్తలే రక్ష
జ్వరంతో కూడిన గొంతునొప్పికి తొమ్మిది రోజుల్లోపు తగిన యాంటీబయాటిక్ మొదలుపెట్టి, చెప్పినన్నాళ్లూ పూర్తిగా వాడితే కీళ్లవాతపు జ్వరాన్ని నివారించవచ్చు. ఒకసారి ఆ జ్వరం వచ్చినవారు వైద్యులు ఆపమనేవరకు మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకోవాలి. సముద్రంలో వేటకు, పనుల కోసం వలస వెళ్లేవారు ఆ తేదీ తప్పరాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పాఠశాలలకు వచ్చే వైద్య బృందాల పరిశీలనలో ఈ గుండెజబ్బు కూడా ఉంది.

అతుక్కున్న రెక్కలను కొందరికి బెలూన్‌తో విడదీస్తారు. మిగతావారికి శస్త్రచికిత్సతో కవాటాన్ని మార్చవలసి రావచ్చు. లోహపు కవాటం అమర్చినవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందులు వాడాలి. లాకు తలుపు పాడైతే మరొకటి బిగించవచ్చు. గుండె తలుపు విషయంలో చెడకుండా చూసుకోవడమే తేలిక.