కత్తులు పోయాయి... మాటలు మిగిలాయి!

కోటలు కూలిపోయాయి. ఫిరంగులు తుప్పుపట్టాయి. కానీ రేనాటి పాలెగాళ్ల కాలంనాటి సైన్యం మాటలు మాత్రం ఇప్పటికీ మన ఇళ్లలో, పొలాల్లో, ఆఫీసుల్లో తిరుగుతూనే ఉన్నాయి. అందులో ఒక్క మాట కోసం ఏకంగా ఓ తిరుగుబాటే జరిగింది.

దీపావళి వస్తోందంటే పిల్లలు బాణసంచా కొనిపెట్టమని గొడవ చేస్తారు. ఆఫీసులో ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్లాలంటే బంట్రోతు రావాలి. ఊరికి బయల్దేరేముందు సరంజామా అంతా సర్దుకుంటాం. ఎవరైనా మాట తప్పితే 'అన్నదానికి కట్టుబడి ఉండొద్దా?' అని నిలదీస్తాం.

ఈ మాటల్లో ఎక్కడైనా యుద్ధం వాసన వేస్తోందా? వేయదు. కానీ ఇవన్నీ ఒకప్పుడు సైనికుల నోట నలిగినవే! వాటి సంగతి తెలియాలంటే ఉయ్యాలవాడ దాకా వెళ్లాలి. ఇప్పటి నంద్యాల జిల్లాలో, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డల నడుమ ఉన్న నల్లరేగడి సీమ అది. కంపెనీ సర్కారును ఎదిరించిన నరసింహారెడ్డి పేరుకు ముందు చేరి దేశమంతా తెలిసిన ఊరు.

కోటలోకి వెళదాం రండి!

పాతకాలపు కోటకు కాపలా ముందు నీళ్లతోనే మొదలు. కోటగోడ చుట్టూ తవ్విన లోతైన కాలువను 'అగడ్త' అన్నారు. అచ్చ తెలుగు మాట. తమిళంలో దీని చుట్టం 'అగళి'. నవాబుల కాలంలో దీనికే 'కందకం' అన్న పేరూ వచ్చింది. పారశీక, అరబ్బీ భాషల్లోని 'ఖందక్' మన నోట పడి అలా మెత్తబడింది.

అగడ్త దాటితే 'గవని'. అంటే కోట పెద్ద వాకిలి. ఏనుగులు కుమ్మకుండా దాని తలుపులకు ఇనుప మేకులు దిగగొట్టేవారు. రాత్రి గవని మూశాక రాకపోకలకు మనిషి వంగి దూరేంత చిన్న తలుపు ఉండేది. అదే 'దిడ్డి'. శత్రువు లోపలికి రావాలన్నా ఒక్కొక్కడే తలవంచుకుని రావాలి. అలా వంచిన తల మీద ఏం పడుతుందో చెప్పక్కర్లేదు!

గోడ పొడవునా అక్కడక్కడా ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి కట్టడం 'కొత్తళం'. ఇదీ మన మాటే. కానీ జనం నోట నిలిచింది మాత్రం అరబ్బీ నుంచి వచ్చిన 'బురుజు'. రాయలసీమలో కోటలేని పల్లెల్లోనూ నడిబొడ్డున ఓ బురుజు ఉండేది. దండు వస్తోందని కేకపడగానే ఆడవాళ్లూ పిల్లలూ గింజలూ అందులోకి చేరేవి. ఇలాంటి బురుజులు కొన్ని ఊళ్లలో ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.

కోటలోపల అసలు బలం మాత్రం కత్తుల్లో లేదు. తిండిలో ఉంది. ముట్టడి నెలల తరబడి సాగితే గెలిచేది గింజలున్నవాడే. అందుకే నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి మట్టితో మూసేవారు. అదే 'పాతర'. శత్రువు ఊరు తగలబెట్టినా పాతర బతికేది. సైన్యం మాయమైనా రైతు ఇంట పాతర చాలాకాలం నిలిచింది. ఇప్పుడు గింజల పాతర కనుమరుగవుతోంది. కోపంలో 'పాతరేస్తా' అనే బెదిరింపు మాత్రం బతికే ఉంది.

పండూ ఫిరంగీ ఒకే ఊరివి!

ఆయుధాల పేర్లలో ప్రపంచ చరిత్ర మొత్తం కనిపిస్తుంది. కత్తి, ఈటె, బల్లెం మనవి. 'తుపాకి' తురుష్కుల మాట. ఇక 'ఫిరంగి' కథ మరీ తమాషా. ఐరోపా నుంచి వచ్చిన తెల్లవాళ్లను పారశీకులు 'ఫరంగీ' అన్నారు. ఫ్రాంకులు అనే జాతిపేరు నుంచి వచ్చిన పిలుపది. మనవాళ్లు ఆ మాటను వాళ్లు తెచ్చిన పెద్ద తుపాకీకి పెట్టేశారు. అమెరికా ఖండం నుంచి ఆ తెల్లవాళ్ల ఓడల్లోనే వచ్చిన బొప్పాయిని సీమ జనం 'పరంగికాయ' అంటారు. కోట పగలగొట్టేదీ, కడుపు చల్లగా ఉంచేదీ ఒకే పేరుతో వచ్చాయన్నమాట!

ఇది ఉత్త మాటల పోలిక కాదు. ఉయ్యాలవాడకు దక్షిణాన, పెన్నానది లోయ అంచున గండికోట ఉంది. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఓ విచిత్రం రాసిపెట్టాడు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ కోట గెలిచాక, గుళ్లలోని రాగి విగ్రహాలను పోగుచేసి వాటితో ఫిరంగులు పోతపోయించాలనుకున్నాడట. ఆ పని అప్పగించింది క్లాడ్ మాయే అనే ఫ్రెంచివాడికి. అక్షరాలా ఫరంగీ చేతి ఫిరంగి!

తుపాకీకైనా ఫిరంగికైనా ప్రాణం 'మందు'. సూరేకారం, గంధకం, బొగ్గు... ఈ మూడూ కలిపి నూరితే తుపాకిమందు. ఇందులో దాదాపు ముప్పాతికవంతు సూరేకారమే. ఆ మందూ, దాంతో ఎగిరే 'గుండూ' కలిసి 'మందుగుండు' అయ్యాయి. తొలినాటి తుపాకులను నిప్పంటించిన వత్తితో పేల్చేవారు. వానలో వత్తి తడిస్తే తుపాకి కర్రతో సమానం. తర్వాత చెకుముకిరాయి రాపిడితో పేలేవి వచ్చాయి.

బాణసంచాలోని బాణం కూడా రాముడి బాణం కాదు. గొట్టంలో మందు కూరి, వెదురుకు కట్టి శత్రువు మీదికి వదిలే రాకెట్‌ను మనవాళ్లు 'బాణం' అన్నారు. కడప సీమ కొన్నేళ్లు హైదరాలీ, టిప్పుల ఏలుబడిలో ఉంది. వాళ్ల సైన్యం ఇనుప గొట్టాల బాణాలతో ఇంగ్లిషువాళ్లను హడలగొట్టింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ బాణాలు ఇంగ్లండు చేరాయి. వాటిని చూసే కాంగ్రీవ్ అక్కడ కొత్త రాకెట్లు తయారుచేశాడు. మన ఇంట్లో పిల్లలు సీసాలో పెట్టి వదిలే తారాజువ్వకు అంత చరిత్ర ఉంది!

పైసా ఖర్చులేని ఆయుధం మరొకటి ఉంది... 'వడిసెల'. తాడు మధ్యలో చిన్న అల్లిక, అందులో గులకరాయి. తలచుట్టూ గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే రాయి రివ్వున దూసుకుపోతుంది. పగలంతా జొన్నచేలో మంచె మీద పిట్టల్ని తోలిన రైతే, దండు వస్తే అదే వడిసెలతో బురుజెక్కేవాడు. రైతుకూ సైనికుడికీ మధ్య గీత లేని సీమ ఇది.

బంటు బంట్రోతయ్యాడు

సైన్యం నడక ఆగిపోయాక ఆ మాటలకూ కొత్త కొలువులు దొరికాయి. 'బంటు' అంటే వీరుడు. 'బంట్రోతు' అంటే ఆయుధం పట్టిన కాలిబంటు. తెల్లదొరల కచేరీలో చేరి డవాలు బిళ్లతో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇంగ్లిషులో 'ప్యూన్' కథా ఇంతే. అది కాలిబంటు అనే అర్థమున్న పోర్చుగీసు మాట.

సైనికుడికి తిండి కోసం రోజూ ఇచ్చే సొమ్ము 'బత్తెం'. అదే జీతంతో జతకట్టి 'జీతబత్తెం' అయింది. సైన్యానికి కావలసిన సరుకు, దాని ఖర్చు కోసం ఇచ్చే భూమి... రెంటినీ మరాఠాలు 'సరంజాం' అన్నారు. మనకది పెళ్లి సామాను దాకా దిగొచ్చింది. సైనిక కాపలా చోటు 'ఠాణా' పోలీసుస్టేషనయింది. సేనాపతి 'దళవాయి', ఊరి కావలి చూసే 'తలారి' సీమలో ఇంటిపేర్లుగా నిలిచారు. దండు విడిసిన చోటు 'పాలెం' ఊరిపేరయింది. దాన్నేలినవాడే పాలెగాడు.

ఒక్క మాట... ఒక తిరుగుబాటు

ఇన్ని మాటల్లోకీ బరువైనది 'కట్టుబడి'. పాలెగాళ్ల కింద ఆయుధం పట్టి, ఊళ్లకు కావలికాసే బంట్లను కట్టుబడులు అనేవారు. వాళ్లకు నెల జీతం లేదు. బదులుగా కొంత మాన్యం ఉండేది. 'నువ్వు కాపలా కాయి, ఈ భూమి దున్నుకుని బతుకు' అన్నది ఒప్పందం. ఆ ఒప్పందానికి కట్టుబడినవాడు కాబట్టే కట్టుబడి.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడే ఉన్నాడు. సుమారు 80 మంది పాలెగాళ్ల బలం విరిచాడు. కోటలు పోయాయి, బంట్లు చెదిరిపోయారు. చాలామందికి మిగిలింది పింఛనే. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి మనవడైన నరసింహారెడ్డి వాటాకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు.

తర్వాత వంతు కట్టుబడులది. మాన్యందారు చనిపోతే ఆ భూమిని వారసులకు ఇవ్వకుండా సర్కారు వెనక్కి తీసుకోసాగింది. కచేరీ లెక్కల్లో అదొక పద్దు కొట్టివేత. ఇక్కడ మాత్రం ఒక ఇంటి అన్నం కొట్టివేత. కడుపుమండిన కట్టుబడులు నరసింహారెడ్డి వెంట నడిచారు. 1846 జూలైలో, అప్పట్లో కడప జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల ఖజానా మీద విరుచుకుపడ్డారు. కొన్ని నెలలపాటు నల్లమల అంచుల్లో కంపెనీ సైన్యాన్ని తిప్పలుపెట్టారు. అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, జుర్రేరు ఒడ్డున ఉరితీశారు. ఆయన తలను 1877 దాకా కోటలో వేలాడదీసే ఉంచారు.

ఆ తల ఇంకా అలా వేలాడుతుండగానే, 1852లో సి.పి.బ్రౌన్ తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు అచ్చయింది. కడపలో కొలువుచేసి, ఈ సీమ పలుకుబడి చెవినపెట్టిన దొర ఆయన. కొత్తళం, గవని, దిడ్డి, అగడ్త... అన్నీ అందులోకి ఎక్కాయి. కోటలు కూలుతున్న కాలంలోనే వాటి పేర్లు పుస్తకంలో తలదాచుకున్నాయి.

మన్రో ఊళ్లో ఏం చేశారు?

ఇక్కడి కోటలను ఖాళీ చేయించిన మన్రోది స్కాట్లాండు. 1761లో గ్లాస్గోలో పుట్టాడు. అక్కడా మనలాగే ఊరూరా కోట ఇళ్లు, వాటి మధ్య పగలు, దోపిడులు ఉండేవి. మన ఇనుప మేకుల తలుపులాగా వాళ్లకు ఇనుప కమ్మీలు అల్లిన తలుపు ఉండేది. దాన్ని 'యెట్' అన్నారు. కోట ఇంటి చుట్టూ కట్టిన రక్షణ గోడ 'బార్మ్‌కిన్'. ఆ కోటలూ పాడుబడ్డాయి. కానీ 1700 సంవత్సరం దాకా తమ భాషలో వాడిన మాటలను అక్కడి పండితులు ఓపిగ్గా ఏరారు. 1931 నుంచి భాగాలు భాగాలుగా అచ్చువేస్తూ, 2002లో 12 సంపుటాలు పూర్తిచేశారు. ఎవరు, ఏ ఏడాది, ఏ కాగితంలో ఆ మాట వాడారో కూడా అందులో ఉంటుంది.

మనకూ ముడిసరుక్కు కొదవలేదు. తెలుగులో దొరికిన తొలి శాసనం, ఆరో శతాబ్దంనాటి కలమళ్ల శాసనం రేనాటి చోళులదే. ఊళ్లలో వీరగల్లులున్నాయి, కైఫియతులున్నాయి, నరసింహారెడ్డి మీద జనం కట్టుకున్న పాటలున్నాయి. పాతర ఎలా తవ్వేవారో, వడిసెల ఎలా పేనేవారో చెప్పగల పెద్దలు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు పిల్లల చేత అడిగించి, ఓ నోటుబుక్కులో రాయించండి. బురుజును నిలబెట్టాలంటే లక్షలు కావాలి. మాటను నిలబెట్టడానికి ఓ పెన్సిలు చాలు.

కట్టుబడులు మాట మీద నిలబడ్డారు, సర్కారు నిలబడలేదు. 'మాటకు కట్టుబడి ఉంటా' అని మనం అన్న ప్రతిసారీ, మనకు తెలియకుండానే, ఆ మాన్యం పోయిన బంటు పేరే తలుచుకుంటున్నాం.