పొగరంగు స్ఫటికం - లభించిన చోటే ప్రామాణ్యం

ఖనిజ సేకర్తలు అపురూపంగా భావించే పొగరంగు స్ఫటికం పలుగురాయి జాతికి చెందినది. స్ఫటికంలో సిలికాన్ స్థానమున స్వల్పంగా అల్యూమినియం చేరి ఉండగా, పరిసర శిలల సహజ రేడియోధార్మికత దీర్ఘకాలం సోకుటవలన ఈ వర్ణం సిద్ధిస్తుంది. స్విస్ ఆల్ప్స్‌లోని టీఫెన్ హిమానీనదం చెంత 1868లో ఇటువంటి భారీ స్ఫటికాలు లభించాయి. వాటిలో 100 కిలోలకు పైబడినవి బెర్న్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో భద్రపరచబడినవి. మెలితిరిగిన ఆకృతిగల ‘గ్విండెల్’ నమూనాలు మరింత అరుదైనవి.

సుమారు 300 నుండి 400 డిగ్రీల సెల్సియస్ వేడికి ఈ వర్ణం తొలగిపోవును. వర్ణరహిత స్ఫటికాలను కృత్రిమ వికిరణంతో నల్లబరచి విక్రయించుట కూడా కలదు. కావున కొనుగోలుకు ముందు లభ్యస్థాన వివరాలను సరిచూచుకొనుట, ఆ వివరాల చీటీని నమూనాతోపాటు భద్రపరచుట ఆవశ్యకం. జన్మస్థానం తెలియని స్ఫటికం అందంగా ఉన్నప్పటికీ, శాస్త్రపరమైన విలువను చాలావరకు కోల్పోవును.